జీవకణపు ఆకలి తెలిసిన శాస్త్రజ్ఞుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవ శరీరంలో ఎముకల గోడల మధ్య భద్రంగా ఉన్న కోట వంటిది మెదడు. ఆ కోటకు కావలివాళ్ళు కూడా ఉన్నారు. చనిపోయిన కణాల మలినాన్ని మింగి శుభ్రపరచడం, రోగక్రిములను ఎదిరించడం, గాయపడిన చోటికి చేరి దానిని చుట్టుముట్టడం వారి పని. 1919వ సంవత్సరంలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నగరంలో పియో దెల్ రియో ఓర్తేగా అనే శాస్త్రజ్ఞుడు వెండి లవణంతో మెదడు ముక్కలకు రంగెక్కించి, సూక్ష్మదర్శిని క్రింద ఈ కణాలను ప్రత్యేకంగా గుర్తించి, వాటికి మైక్రోగ్లియా అని నామకరణం చేశాడు.

పేరు దొరికింది గాని వీటిని పరిశీలించడం సులభం కాలేదు. శస్త్రచికిత్స సందర్భాలలో తప్ప, జీవించివున్న మనిషి మెదడు నుండి కణాలను తీసుకొనే వీలు లేదు. ఎలుక మెదడులోని కణాలు అన్ని విషయాలలోను మనిషి కణాలవలె ప్రవర్తించవు. ఈ చిక్కును విడదీసే దారిని జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా చూపాడు. 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను ఆయన తిరిగి మూలకణాల స్థితికి మరలించగలిగాడు. మూలకణం అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని, ఏ పనికైనా మలచదగిన కణం. ఆ దారిలోనే నడిచి 2016, 2017 సంవత్సరాలలో అమెరికా, ఇంగ్లండు దేశాల ప్రయోగశాలలు మూలకణాల నుండి మనిషి మైక్రోగ్లియాను పళ్ళెములలో పెంచగలిగాయి. ఈ పనికి నెల రోజులకు పైగా పడుతుంది. మూలకణాన్ని ముందుగా రక్తాన్ని పుట్టించే కణంగా మార్చి, ఆ తరువాత మెదడు కావలికణంగా మలుస్తారు. గర్భస్థ శిశువులో ఈ కణాలు నరాల వంశంలో గాక, పచ్చసొన సంచిలో రక్తకణాల వంశంలో పుట్టి మెదడుకు వలసపోతాయి గనుక, ప్రయోగశాల కూడా ప్రకృతి నడిచిన బాటనే అనుసరిస్తున్నది. అల్జీమర్స్ వంటి మతిమరుపు వ్యాధులలో ఈ కావలికణాల పాత్ర ఏమిటో తెలుసుకోవడమే ఈ శ్రమకంతటికీ పరమార్థం.

ఇంతటి నూతన విజ్ఞానానికీ, 1948లో కన్నుమూసిన ఒక తెలుగు వైద్యునికీ సంబంధమేమిటని మన విద్యార్థులు అడుగవచ్చు. ఆ కణాలను గాయం వద్దకు పిలిచే సంకేతం ఒకటి ఉంది. ఆ కణాలు పెరిగే పోషకద్రావణంలో ఒక విటమిను ఉంది. ఆ కణాలను కలతపెట్టే మందు ఒకటి ఉంది. ఈ మూడింటి చరిత్రలోను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. ఆయన జీవితాన్ని ఆ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో కుటుంబం ఇబ్బందులకు లోనైంది. బాల్యంలో సుబ్బారావుకు చదువు మీద మనసు నిలువలేదు. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించవచ్చునని ఇల్లు విడిచి వెళ్ళాడని, తల్లి వెంకమ్మగారు పట్టుబట్టి తిరిగి బడికి పంపిందని ఆయన చరిత్రకారులు వ్రాశారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడైనాడు. ఆ తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్, అటుపిమ్మట మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశం. 1919లో శేషగిరిగారితో వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువుకు అండగా నిలిచారు.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించాడు. శస్త్రచికిత్స తరగతికి కూడ ఖద్దరు దుస్తులతోనే హాజరైనాడు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. చదువులో లోపం లేకపోయినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో ఆయన బయటికి రావలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో స్థానం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపాడు.

ఈలోగా ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది దినాల వ్యవధిలో ఒకరి తరువాత ఒకరు మరణించారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. ప్రేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేక, మనిషి తింటూనే క్షీణించి, రక్తం పలుచబడి మరణించే వ్యాధి అది. ఆ రోజుల్లో దానికి కారణము తెలియదు, మందు లేదు. సుబ్బారావు సైతం ఆ జబ్బు పాలై, లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకున్నాడు. వైద్యుడై ఉండి సోదరులను కాపాడుకోలేకపోయిన ఆ దుఃఖం ఆయన జీవితానికి దిక్కు నిర్ణయించిందని మేము తలుస్తున్నాము.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాట ఇచ్చిన సహాయము, మామగారు కూర్చిన ధనము ఆధారంగా 1922లో ఆయన అమెరికా చేరి, బోస్టన్ నగరంలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రం చదివాడు. చేతిలో డబ్బు లేదు. ఇక్కడి పట్టా అక్కడ వైద్యవృత్తికి చాలలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే నౌకరీ చేసుకుంటూ పగలు చదువుకున్నాడు. డిప్లొమా పొందిన పిదప హార్వర్డు వైద్య కళాశాలలోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరాడు.

అక్కడ ఆయనకు దొరికిన పని చూడడానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభ పద్ధతి కనుగొనడం. భాస్వరం ఉన్న ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేటు కలిపి, మరొక రసాయనంతో దానిని క్షయీకరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులకు నేటికీ పరిచితమే. నిజమైన శాస్త్రజ్ఞుడు ముందుగా కొలవడం నేర్చుకుంటాడు. సరియైన తూనిక లేని అంగడిలో వ్యాపారం సాగనట్లే, సరియైన కొలత లేని ప్రయోగశాలలో జ్ఞానం పుట్టదు.

ఆ కొలత ఆయన చేతికి తాళపుచెవి అయింది. కండరంలో భాస్వరాన్ని కొలుస్తూ పోగా, రంగు మెల్లమెల్లగా చిక్కబడుతూ రావడం గమనించి, అక్కడ త్వరగా విడిపోయే భాస్వర పదార్థమేదో ఉన్నదని గురువు, శిష్యుడు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ విషయం ప్రకటించారు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్లనే పనిచేస్తుందని అప్పటికి స్థిరపడిన భావన దీనితో సడలిపోయింది. 1929లో ఏ.టి.పి. అనే మరొక పదార్థాన్ని కండరం నుండి వేరుచేశారు. అదే సంవత్సరంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. గనుక ఆ ఘనత ఇరుపక్షాలకూ చెందుతుంది. చీమ నడకకు గాని, మన గుండె చప్పుడుకు గాని, మన ఆలోచనకు గాని తక్షణ శక్తినిచ్చే నాణెము ఏ.టి.పి.

ఈ నాణెమునకు మరొక ముఖం కూడ ఉన్నదని సుబ్బారావుగారి కాలంలో ఎవరికీ తెలియదు. 2005లో శాస్త్రజ్ఞులు సజీవమైన ఎలుక మెదడును ప్రత్యేక సూక్ష్మదర్శినితో చూస్తూ అందులో సూక్ష్మమైన గాయం చేశారు. నిమిషాలలో చుట్టుపట్ల మైక్రోగ్లియా తమ కొమ్మలను ఆ గాయం వైపు చాచి దానిని చుట్టివేశాయి. వాటిని పిలిచినదేమిటని పరిశోధించగా, అది ఏ.టి.పి. అని తేలింది. పగిలిన కుండ నుండి నీరు కారినట్లు గాయపడిన కణం నుండి ఏ.టి.పి. బయటికి చిందుతుంది. కావలికణం ఆ జాడ పట్టి పరుగెత్తుతుంది. నేడు మూలకణాల నుండి పెంచిన కణాలు నిజమైన మైక్రోగ్లియా అవునో కాదో పరీక్షించే పద్ధతులలో, ఏ.టి.పి. తగిలించి వాటి స్పందనను చూడడం ఒకటి.

1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా లభించింది. అయినను హార్వర్డులో శాశ్వత స్థానం దక్కలేదు. పదిహేనేళ్ళకు పైగా ఆ విశ్వవిద్యాలయాన్ని సేవించి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనా విభాగానికి అధిపతి అయినారు. అప్పటివరకు ఒంటరిగా కొలతలు కొలిచిన మనిషి, ఇప్పుడు వందలాది శాస్త్రజ్ఞులను ఒక లక్ష్యం వైపు నడిపించే నాయకుడైనాడు.

ఇక్కడ కథ కొంతసేపు మన దేశానికి మరలుతుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించింది. పోషకాహారం అతి తక్కువగా ఉన్న పేద ముస్లిం స్త్రీలలో ఆ జబ్బు మిక్కిలిగా కనిపించింది. అది ఇనుము లోపం కాదు. రక్తకణాలు సంఖ్యలో తగ్గి, ఆకారంలో ఉబ్బిపోయేవి. ఈస్టు సారం ఇస్తే ఆ స్త్రీలు కోలుకోవడం ఆమె చూచి 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థమేమిటో మాత్రం అప్పటికి అంతుబట్టలేదు. తరువాత 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థంవచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆసిడ్ అని పిలిచారు. టన్నుల కొలది ఆకు నుండి లభించేది అతి స్వల్పం. రోగులకు ఇవ్వాలంటే దానిని ప్రయోగశాలలో తయారుచేయక తప్పదు.

ఆ పని లెడర్లీలో సుబ్బారావుగారి నాయకత్వాన జరిగింది. స్టోక్‌స్టాడ్, ఆంగియర్ మొదలైన రసాయనికులతో కూడిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. వెంటనే అది స్ప్రూ రోగుల మీద ప్రయోగింపబడి, వారి రక్తహీనతను మళ్ళించింది. రెండు దశాబ్దాల పూర్వం తన అన్నను, తమ్ముని తీసుకొనిపోయిన వ్యాధికి ఆయన చేతి మీదుగానే మందు వెలువడింది. ఆ సోదరులకు మాత్రం అది అందలేదు.

ఫోలిక్ ఆసిడ్ చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలాలంటే తనలోని వంశలిపికి నకలు వ్రాసుకోవాలి. ఆ నకలుకు కావలసిన అక్షరాలను కూర్చడానికి ఫోలిక్ ఆసిడ్ అవసరం. అది లేకుంటే ఎముకల మూలుగలో కణం ఉబ్బుతుంది గాని చీలదు. మూలుగలోని రక్తకణానికి ఏది అవసరమో, ప్రయోగశాల పళ్ళెంలోని కణానికీ అదే అవసరం. 1955లో అమెరికాలో హారీ ఈగల్ అనే శాస్త్రజ్ఞుడు, శరీరం వెలుపల కణాలు బ్రతకడానికి తప్పనిసరియైన విటమినుల పట్టిక తయారుచేశాడు. అందులో ఫోలిక్ ఆసిడ్ ఒకటి. మూలకణాలను, వాటి నుండి మైక్రోగ్లియాను పెంచడానికి సాధారణంగా వాడే పోషకద్రావణాలలో ఈనాటికీ అది ఉన్నది. ఆ పళ్ళెంలోని కణం తినే అన్నంలో ఒక మెతుకు పెర్ల్ రివర్ ప్రయోగశాలలో వండినదని చెప్పవచ్చును.

కణాన్ని పెంచేదేదో తెలిసినప్పుడు, దుష్టకణాన్ని ఆపేది కూడ తెలుస్తుంది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్తకాన్సరు సోకిన పసివారికి ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత వేగంగా పెరిగినట్లు గమనించాడు. అట్లయితే ఫోలిక్ ఆసిడ్‌కు విరుద్ధమైన పదార్థం దానిని ఆపవలెను గదా అని ఆలోచించాడు. సుబ్బారావుగారి బృందం అట్టి పదార్థాన్ని తయారుచేసి పంపింది. అదే అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ 16 మంది పిల్లల వృత్తాంతం ప్రకటించాడు. వారిలో 10 మందికి కొంతకాలం పాటు వ్యాధి నెమ్మదించింది. అప్పటివరకు ఆ జబ్బుకు మృత్యువు తప్ప మార్గం లేదు. దానికి తోబుట్టువుగా అదే సంస్థలో పుట్టిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్తకాన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

కాన్సరు నయమైన కొందరిలో ఈ చికిత్స తరువాత జ్ఞాపకశక్తి మందగించడం వైద్యులు ఎరుగుదురు. 2019లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలలో పరీక్షించి, మెథోట్రెక్సేట్ వల్ల మైక్రోగ్లియా చిరకాలం రెచ్చిపోయి తక్కిన కణాల పనిని చెరుస్తున్నాయని ప్రకటించారు. ప్రాణం కాపాడిన మందే తెలివికి మబ్బు కమ్మిస్తున్నప్పుడు, దానిని తొలగించే ఉపాయం వెదకాలి. ఎలుకలో కనిపించినది మనిషిలోను నిజమేనా అని చూడడానికి మనిషి కణాలే కావాలి. వాటిని మూలకణాల నుండి పెంచడం ఇక్కడ ఎంత ముఖ్యమో మనకు తెలియగలదు. సుబ్బారావుగారు ఆరంభించిన పని ఇట్లు తరువాతి తరం చేతులలో ఇంకను సాగుతున్నది.

ఆయన నాయకత్వంలో మరి రెండు మహత్కార్యాలు జరిగాయి. మన పల్లెలకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి డి.ఇ.సి. అనే మందు 1947లో వెలువడింది. ఊరూరా పంచిన బోదకాలు మాత్ర అదే. మరొకటి ఆరియోమైసిన్. మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఈ మందును బయటికి తీసినవాడు బెంజమిన్ డుగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు. 1948లో దానిని లోకానికి వెల్లడించారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. దీనిని సుబ్బారావుగారే స్వయంగా కనుగొన్నారని కొందరు వ్రాస్తారు. అది సరికాదు. ఉద్యోగ విరమణ చేసిన డుగ్గర్‌కు తోడ్పాటు ఇచ్చి, పరిశోధనకు దారి చూపినది సుబ్బారావుగారు. మహనీయులకు లేని ఘనతను అంటగట్టితే ఉన్న ఘనత కూడ అనుమానానికి గురియౌతుంది.

1948 ఆగస్టు మాసంలో న్యూయార్కులో, గుండె ఆగి, సుబ్బారావుగారు నిద్రలోనే మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. 1922లో విడిచిన మాతృభూమిని ఆయన తిరిగి చూడలేదు. భార్య శేషగిరిగారు ఆయనకై ఇక్కడనే నిరీక్షించారు. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకొనే అవకాశం వచ్చినా ఆయన తీసుకొనలేదు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక బూజుజాతికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన పేరు ఎరుగనివారికి సైతం ఆయన కృషి ఫలితం అందుతూనే ఉన్నది.

ఎవరికి అందుతున్నదో చూడడానికి మనం దూరం పోనక్కరలేదు. జగిత్యాల, కోరుట్లలలో బీడీలు చుట్టే ఇండ్లలోను, సిరిసిల్ల మరమగ్గాల వీధులలోను గర్భవతియైన ప్రతి స్త్రీ చేతికి ఆశా కార్యకర్తలు, నర్సులు ఎర్రమాత్రలు ఇస్తారు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిమాత్రను మా విద్యార్థినులు అనేకులు మ్రింగే ఉంటారు. అందులో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉన్నది. బొంబాయి మిల్లు కార్మికురాలి రక్తంలో లూసీ విల్స్ చూచిన లోటును పూరించేది అదే. నేటికీ కొన్ని ఇండ్లలో ఆ మాత్రను వేడి చేస్తుందని, వాంతి వస్తుందని పారవేస్తున్నారు. ఈ వ్యాసం చదివిన విద్యార్థి తన ఇంటిలో తల్లికో, అక్కకో, వదినకో ఆ మాత్ర విలువ చెప్పగలిగితే మా శ్రమ వృథా కాదు.

ఇక మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఒక మనవి. మెదడు కణాలను పళ్ళెంలో పెంచడం వంటి వార్తలు చదివినప్పుడు అవి మనకు అందని లోకమని వెనుకంజ వేయకండి. ఆ లోకానికి పునాదిరాళ్ళు మోసినవారిలో, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పినవాడు, పూర్తి పట్టా దక్కనివాడు, రాత్రులు ఆసుపత్రిలో పాచిపని చేసినవాడు ఒకడున్నాడు. ఆయన కేవలం పట్టుదలతోనే గెలువలేదు. ముందు భాస్వరాన్ని కొలవడం నేర్చుకున్నాడు. మన కళాశాల ప్రయోగశాలలో బ్యూరెట్టు పట్టుకొని ఒక్క చుక్క తేడా లేకుండా కొలవడం నేర్చుకొనే విద్యార్థి ఆ బాటలోనే మొదటి అడుగు వేస్తున్నాడు. అట్టి విద్యార్థికి అవసరమైన పరికరాలను, గ్రంథాలను సమకూర్చే బాధ్యత మన కళాశాల కమిటీ పెద్దలదని సవినయంగా విన్నవించుకుంటున్నాము.